జోజప్ప గారు అమ్మిపెట్టిన ఇల్లు

"ఇల్లు కొన్నరోజే లాభం జేబులో పడిపోవాలి లూథర్. అమ్మినరోజు లెక్కలు చూసుకునేవాడు వెర్రివాడు," అన్నాడు చెస్టర్, డోనట్‌ని కాఫీలో ముంచుతూ.

అమెరికాలో, కెనడా ఎదుట సరస్సు ఒడ్డునున్న బఫెలోలో, నా డోనట్ కొట్టు కిటికీ పక్క బల్ల చెస్టర్‌ది. కొన్నాడని కాదు, లేవడు. మొన్నటిదాకా తివాచీలు అమ్ముకునేవాడు, కిందటి శీతాకాలానికి ముందు ఒక పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మే వ్యాపారంలోకి దిగాడు. అప్పట్నించీ మాకు రోజూ పాఠాలే. అందరూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. ఆ పొద్దున లూథర్ మాత్రం నోరు తెరుచుకుని వింటున్నాడు. ఏళ్ల తరబడి సిటీ బస్సు నడుపుతున్న మనిషి. ఆ రోజే ఉద్యోగానికి నీళ్లొదిలేసి, దాచుకున్నదంతా చెస్టర్ కొనబోయే రెండో ఇంట్లో పెట్టాలని వచ్చాడు. నాకు జాలేసింది. కానీ చెస్టర్ మొదలుపెట్టాక మధ్యలో దూరడం ఎవరి తరం?

"మంచి వీధిలో దిక్కుమాలిన ఇల్లు వెతుక్కోవాలి. నాది ఎంత దిక్కుమాలిందంటే, ఎలకలు గుమ్మం దాకా వచ్చి, తొంగిచూసి, 'మనకొద్దులే' అని పోయేవి. నేల వాలు ఎంతంటే, ముందుగదిలో చెప్పులు విడిస్తే వంటింట్లో దొరికేవి. ఇంకొకడైతే పునాది తవ్వించి చేతులు కాల్చుకునేవాడు. నేనేం చేశానో తెలుసా?"

"ఏం చేశావన్నా?"

"పల్లంగా ఉన్నవైపు భుజం ఆనించి ఒక్క ఎత్తు ఎత్తాను. కిర్రుమంది ఇల్లు. కాస్త ఎక్కువైందేమో, చెప్పులు వంటింట్లోంచి ముందుగదిలోకి రావడం మొదలుపెట్టాయి. ఇటు తిరిగొచ్చి చిటికెనవేలితో సరిచేశా."

"అందుకేనా చలికాలమంతా నడుం పట్టేసిందన్నావు?" అన్నాను కాఫీ పోస్తూ.

"అది వేరే నొప్పి. నువ్వు కాఫీ పొయ్యి. ఆ తర్వాత రంగు. తెలుపు వేశా. ఎంత తెలుపంటే, మా గోడ పక్కన పడ్డ మంచు మురిగ్గా కనబడుతోందని మునిసిపాలిటీ వాళ్లొచ్చి ఎత్తుకుపోయారు. ఇక జనం ఇల్లు చూడ్డానికొచ్చే ఆదివారం పొయ్యిలో బిస్కట్లు కాల్చాలి, అది మర్చిపోకు. ఆ వాసనకి ఎంత పిసినారైనా కరుగుతాడు. నా బిస్కట్ల వాసన సరస్సు దాటి కెనడాకి పోయింది. సరిహద్దు కాపలావాళ్లు గేటు గాలికొదిలేసి, ముక్కులు పైకెత్తి నడుచుకుంటూ వచ్చేశారు."

"అయితే ఆ రోజే అమ్ముడుపోయిందా?"

"ఎక్కడ? అంతమందిలో ఎవరికివ్వాలో తేలలేదు. అప్పుడు దింపాను జోజప్ప గారిని."

ఇల్లు అమ్ముడుపోవాలంటే ఏసుక్రీస్తు పెంపుడు తండ్రి పునీత జోజప్ప గారి బొమ్మని పెరట్లో తలకిందులుగా పాతడం మా పేటలో తాతలనాటి అలవాటు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఎందుకైనా మంచిదని పాతుతారు.

"జనవరి నెల. నడుంలోతు మంచు. కంచె లేదు, గట్టు లేదు, ఎటు చూసినా ఒకటే తెలుపు. నేల ఇనుములా గడ్డకట్టి ఉంది. నేను పార వేస్తే వెన్నలో దిగినట్టు దిగింది. అదీ ఈ చేతుల మహిమ."

పక్క బల్ల దగ్గర డొలోరెస్ గారు చెంచా తిప్పడం ఆపేసింది. చెస్టర్ కొన్న ఇంటికి పక్కిల్లు ఆవిడదే. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది.

"ఎక్కడ పాతావు నాయనా?" అంది.

"మెట్లకి కుడిపక్కన, సరిగ్గా నా స్థలం నడిమధ్య. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి వీధి వీధంతా అమ్ముడుపోయింది! ఎదురింటివాళ్లు భోంచేస్తుంటే, కొన్నవాళ్లొచ్చి కూర్చున్న కుర్చీలు లాగేసుకున్నారు. పోస్టు డబ్బా పోయింది. మధ్యాహ్నానికి చర్చి గంట పోయింది. సాయంత్రానికి ఎవడో సగం సరస్సు కొని, మిగతా సగానికి బేరమాడుతున్నాడు. ఇక ఊరు మిగలదని భయమేసి, పరిగెత్తుకెళ్లి జోజప్ప గారి కాళ్లు పట్టుకున్నా. పైకి ఉండేవి కాళ్లే కదా! 'చాలు స్వామీ, ఆపండి' అని ఏడ్చా."

"మరి నీ ఇల్లు?"

"అన్నిటికంటే ముందు అదే పోయింది, అడిగినదానికి మూడింతలకి. స్వామిని తవ్వి తీసి, కడిగి, అలమరలో పెట్టుకున్నా. రోజూ నన్ను చూసి నవ్వుతాడు."

లూథర్ ఇక ఆగలేదు. ఫోను తీశాడు. "డిపోకి చెప్పేస్తానన్నా. రేపట్నించి నీతోనే."

"ఆ ఫోను కింద పెట్టు లూథర్," అంది డొలోరెస్ గారు. "చెస్టర్, మొన్న టమాటా మడి తిరగేస్తుంటే జోజప్ప గారు దొరికారు. తల కింద, కాళ్లు పైన. నా మడిలో. చలికాలమంతా అక్కడ ఎండాకులు మందంగా కప్పి ఉంచుతాను, నేల గడ్డకట్టదు. నీ పార వెన్నలో దిగినట్టు దిగింది అందుకే. మంచులో గట్టు కనబడక నా స్థలంలో పాతిపోయావు."

చెస్టర్ డోనట్ కాఫీలోనే విరిగి మునిగిపోయింది.

"నేను అమ్మకానికని బోర్డయినా పెట్టలేదు. ఫిబ్రవరి నుంచీ జనం నా తలుపెందుకు కొడుతున్నారా అనుకున్నాను. నీ ఇల్లు చూసొచ్చి, 'అమ్మా, మీరేమైనా అమ్ముతారా?' అనేవాళ్లు. ఒంటరిగా మా ఇంటి మెట్లెక్కలేక ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. ఒక కుర్ర జంటకి అమ్మేశాను. వచ్చేవారం మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. నీకు రుణపడి ఉంటాను నాయనా."

"మరి చెస్టర్ ఇల్లు?" అన్నాడు లూథర్.

"దానికేం, బోర్డు అలాగే ఉంది. గాలికి టపటపా కొట్టుకుంటుంటే నాకు నిద్రే లేదు."

చెస్టర్ గొంతు సవరించుకున్నాడు. "డొలోరెస్ గారూ, బొమ్మ నాదే కదా. ఓసారి ఇస్తే..."

"తువ్వాలులో చుట్టి సామాన్లలో సర్దేశాను. ఇల్లు అమ్మిపెట్టిన స్వామిని వెంట తీసుకెళ్లకపోతే కళ్లు పోతాయి."

లూథర్ ఫోను జేబులో వేసుకుని, బస్సు టోపీ పెట్టుకుని లేచాడు. చెస్టర్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆగరా తమ్ముడూ, అసలు సంగతి ఆలోచించు. గురి తప్పి పాతితేనే ఇంత పని చేసిందంటే, సరిగ్గా పాతి ఉంటేనా..."

"నా బస్సు రోజూ నీ ఇంటి ముందు నుంచే పోతుందన్నా," అన్నాడు లూథర్, చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంటూ. "ఆ బోర్డు పీకిన రోజు చెయ్యెత్తు, ఆపుతాను."