మొగులుకు సినిమా చూపించిన ఐలేశం

“ఆగు అల్లుడా, ఆ ఫోను బటన్ మీదికెల్లి వేలు తియ్యి. బోరేస్తనని దాపెట్టిన పత్తి పైసలు షేర్లల్ల పెడ్తున్నవా? పెట్టు, నేనొద్దంటనా! కని షేరంటె ఏందో ఐలేశం మామను అడిగినంక పెట్టు. ఈ కల్వకుర్తి రోడ్డు మీద షేరు కొన్న మొదటోన్ని నేనే. కాదా నిర్మలమ్మ వదినా?”

నిర్మలమ్మ తన కొట్టులో చాయ్ వడబోస్తూ, “చెప్పు, చెప్పు. వినకుంటె బెంచీ ఇడుస్తవా?” అంది.

“తెలంగాణ వచ్చిన మరుసటేడు. సిన్మా సీడీలు కిరాయికిచ్చే చిన్న కంపిని ఒకటుండె. షేరు చాయ్ కంటె అగ్గువ. అయినా నేను గుడ్డిగ కొంటనా? వాళ్ల దుకాణం ముందర పొద్దంత నిలబడి చూసిన. రైతులు సంచులు సంచులు సీడీలు మోస్కపోతున్నరు! ఇగ సిన్మాలన్నీ ఫోన్లల్లనే అని లోకమంత అంటాంటె, ఈడ జనం సంచులు నింపుతున్నరు. కొనేసిన. కొన్నంక ఒక ముసలాయిన్ని అడిగిన, ‘ఏం సిన్మాలు పెద్దనాయినా?’ అని. ‘సిన్మాలేంది బిడ్డా, చెన్ల కడితె చిలకలు రావు. దుకాణం ఎత్తేస్తున్నరు, కిలోల లెక్క ఇస్తున్నరు’ అన్నడు. జూడుండ్రి నా తెలివి!”

ఫోను పట్టుకున్న శ్రీశైలం పగలబడి నవ్వాడు. “మునిగినవా మామా?”

“నేను మునుగుతనా? ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కంపిని బంద్ అయింది, కని దాని సేటు మంచోడు, షేర్లకు బదులు లారీ నిండ సీడీలు తోలిండు. తెచ్చి నా జొన్నచెన్ల కట్టిన. చిలకలు పోయినయి, అడవిపందులు పోయినయి. సీడీ మీద ఎండ పడ్డది, సిన్మా పోయి సీదా మొగులు మీద, ఆ నల్లమబ్బు మీద పడ్డది! పాటలు, ఫైట్లు, అన్నీ. ఎన్నడు పాలమూరు మీద ఆగని మొగులు సిన్మా జూస్కుంట నిలబడ్డది. ఎనకొచ్చిన మొగులు, ‘ముందటోళ్లు కూసోండ్రి, కనవడ్తలేదు’ అని ఒకటే లొల్లి. ఆఖరుకు హీరోయిన్ తల్లి సచ్చిపాయె. ఇగ మొగులు ఏడుపు ఆపితె ఒట్టు! చెరువు నిండి మత్తడి దుంకింది. జొన్న కంకులు దించనీకె మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకెల్లి క్రేను తెప్పిచ్చిన. షేరు మునిగినా ఐలేశం మునగడు. నొక్కు అల్లుడా, ఏం ఫికర్ లేదు!”

శ్రీశైలం వేలు మళ్లీ ఫోను మీదికి పోయింది.

నిర్మలమ్మ గ్లాసు ఐలేశం ముందు పెట్టింది. “ఐలేశం, ఆ షేర్లు కొననీకెనే గద నీ జొన్నచేను మాకు అమ్మితివి. మరి సీడీలు ఎవ్వరి చెన్ల కడితివి?”

బెంచీ మీద అందరూ నవ్వారు. ఐలేశం కూడా నవ్వాడు, కానీ అందరికంటే ముందు ఆపేశాడు.

“నిజమే వదినా. ఇప్పటికీ ఆ గట్టు మీదికెల్లి పోను, సుట్టు తిరిగి పోత. చేను పాయె అల్లుడా, నోరే మిగిలింది.”

శ్రీశైలం ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మామా, బోరు బండోళ్లు ఎవరన్న నీకు ఎర్కేనా?”