దుమ్ము లేచిన బోరు

ప్లాట్ల బ్రోకర్ పర్శరాములు అబద్ధమాడడు. ఉన్నదాన్ని కాస్త పెద్దది చేసి చెబుతాడు, అంతే. లేనిదాన్నైతే ఇంకా పెద్దది చేసి చెబుతాడు.

వర్గల్ తోవలో యాదవ్వ చాయ్ హోటల్ ఎదురుగా మొన్నటిదాకా ఒక కుంట ఉండేది. అందులో మొరం మట్టి పోసి, చదును చేసి, హద్దురాళ్లు పాతారు. ఇంతవరకూ ఒక్క ప్లాటూ అమ్ముడుపోలేదు. ఈరోజు సిద్దిపేట నుంచి బట్టలు కుట్టే హుస్నాబీ, భర్త ఫజల్‌తో జాగ చూడటానికి వచ్చింది. కిరాయి ఇళ్లు మారీ మారీ విసిగిన మనిషి. ఆమె ఊ అంటే పర్శరాములుకు తొలి బోణీ.

"గిది కుంట అంటున్నరు గదన్నా. వానకాలం నీళ్లు రావా?" అని హోటల్ బల్ల దగ్గర కూర్చుంటూ అడిగిందామె.

"ఎవలు జెప్పిన్రు చెల్లె? మొన్న ముసురుల గీ జాగల తెల్ల చెప్పులేసుకొని తిరిగిన. మరక అంటలే."

"అచ్ఛా," అన్నాడు ఫజల్, చాయ్ ఊదుకుంటూ.

పర్శరాములుకు ఆ ఒక్క మాట చాలు. "మరక ఎట్లంటుతది? తుంపర పడితే గదా. మబ్బు హద్దురాయి దాక వచ్చి, నన్ను జూసి పక్కకు జరిగింది. అలవాటు జాగని కొంగలొచ్చి నిలబడ్డయి, కాళ్లు కాలి ఎగిరినయి. ఒక ముసలి కొంగకైతే నా బాటిల్ నీళ్లే తాపిచ్చిన. కప్పలు మూటముల్లె సదురుకొని గజ్వేల్ బస్సెక్కినయి. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అంది యాదవ్వ పొయ్యి దగ్గర్నుంచి. ఈ కథలు ఆమెకు కొత్త కావు.

"నీళ్ల జాడ తేల్చాలని బోరు బండిని పిలిపిచ్చిన. ఐదు వందల ఫీట్లకు దుమ్ము. వెయ్యికీ దుమ్మే. రెండు వేలకు పొగ. డ్రైవర్ పైపుకు చెవి పెట్టిండు. కింద నుంచి ఎవలో మనిషి, 'అన్నా, పైన జెర్ర నీళ్లుంటే పొయ్యున్రి' అని ఒర్లుతుండు. గంత పొడి జాగ చెల్లె, ఒట్టు."

హుస్నాబీ భర్త వైపు చూసింది. "అయితే మాకొద్దన్నా. బోరు పడని జాగల ఇల్లు కట్టుకొని ఏం తాగాలె?"

గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు. చేతికందిన బేరం జారిపోతుందని పర్శరాములుకు నిజంగానే భయమేసింది.

"గది పక్క ప్లాటు ముచ్చట. నీ ప్లాటుల గడ్డపారతోని రెండు పోట్లు పొడుస్తే చాలు, ఊట ఎగజిమ్ముతది. బకెట్ ముంచుకునుడే. చేపలు గూడ పడ్తయి."

"చేపలా?" అన్నాడు ఫజల్.

నోరు జారిందని పర్శరాములుకు అప్పుడు తెలిసింది. సర్దుకునేలోపు యాదవ్వ అందుకుంది.

"కుంట ఉన్నప్పుడు పడేటియి. గప్పుడు నా బోరు ఎండకాలం గూడ పోసేది. మొరం కొట్టిన సంది నీళ్లు ఎత్తుతలేదు, గీ చాయ్ ట్యాంకర్ నీళ్లది. వానొస్తే కుంటల నిలవాల్సిన నీళ్లు నా పొయ్యిలకొస్తున్నయి," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలుపుంది.

హుస్నాబీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"వానకాలం మునిగేటిది, ఎండకాలం ఎండేటిది, రెండూ నీ దగ్గర ఉన్నయన్నా. మనుషులు ఉండేటిదేమన్న ఉంటే ఫోన్ చెయ్," అని ఫజల్ బండి ఎక్కింది.