పైకి అనుకున్న వైపు

కొల్లేటికోట దగ్గర చేపల చెరువు గట్టు, పొద్దున పది గంటలు. నిన్న సాయంత్రం నుంచి కనపడని కాపలాదారు ఎలీషా కోసం నీళ్ళలో దిగిన గుడ్డి ఈతగాడు విశ్వాసం ఇప్పుడే గట్టెక్కాడు. పక్కన ఎలీషా తమ్ముడు ఆనంద్ పాల్.

“తూము దగ్గర కదా దిగారు మావయ్యా, నీళ్ళు తోడే మోటారు దగ్గర తేలారేంటండి?”

“ఉండరా పాల్. ఊపిరాడనీ.”

“అటెందుకెళ్ళారండీ అంటున్నాను.”

“వెళ్ళలేదురా. పైకి ఈదుతున్నాననుకున్నాను, చేతికి బురద తగిలింది. తిరిగాను. మళ్ళీ బురదే. ఇంక అదే పట్టుకుని పాకితే ఈ గట్టు తగిలింది.”

“ముప్పై ఏళ్ళుగా శవాలు తీస్తున్నారు. పైకేదో కిందకేదో తెలీకపోవడమేంటండి, తాగారా?”

“తాగినా బానే ఉండును. కాలికి చేప ముల్లు దిగితే ఇరవై రోజులు పొడిచిన ఇంజెక్షన్లు చెవి తినేశాయంట. ఏలూరు డాక్టరుగారు చెప్పారు.”

“బానే వినపడుతోంది కదండీ మీకు.”

“వినపడేది కాదంట. దాని లోపల ఇంకోటుందంట, తాపీమేస్త్రి మట్టంలాగా, పైకేదో కిందకేదో చెప్పేది. కుర్చీలో గిరగిరా తిప్పారు, చెవిలో చన్నీళ్ళు పోశారు, రెప్పలెత్తి చూశారు.”

“గుడ్డి కంట్లో ఏం చూస్తారండి?”

“నేనూ అదే అడిగాను. చూపు పోయినా లోపల చెవి బాగుంటే, అలా తిప్పినప్పుడు కనుగుడ్డు కొట్టుకోవాలంట. నాది కదల్లేదు. కళ్ళున్నవాడికి అది పోతే కళ్ళు కాస్తాయి, నీకు పాదాలే మిగిలాయి, నీళ్ళలో అవీ ఉండవు, దిగొద్దన్నారు.”

“మరెందుకు దిగారు?”

“మీ వదిన సూరమ్మ అడిగింది. మొగుణ్ణి పూడ్చుకోడానికైనా ఇవ్వమంది.”

“చేతికేమైనా తగిలిందా?”

“చెప్పాను కదా, బురద.”

“ఈ మోటారు దగ్గరండి.”

“గుర్రపుడెక్క వేళ్ళు.”

“అంతేనా?”

“తూము దగ్గర జారాడని నువ్వే అన్నావు. ఇక్కడేముంటుంది?”

“అదేనండి, ఏమీ ఉండదు. లేవండి, వెళ్దాం. చెయ్యివ్వండి.”

“కూర్చోనీరా. నిలబడితే గట్టు జారిపోతున్నట్టుంది.”

“నేను పట్టుకుంటాను కదండీ.”

“వద్దు. పాదాలు మట్టిలో ఉంటేనే నయం. జనం వచ్చారా?”

“ఎవరూ లేరండి. మనిద్దరమే.”

“వస్తామన్నారు కదా.”

“వస్తారు. ఈలోపు ఇంకోసారి దిగండి, తూము వైపు. నడుముకి తాడు కడతాను, నేను పట్టుకుంటాను.”

“ఎప్పుడూ లేని తాడేంటి?”

“మీ మంచికేనండి. లేవండి మావయ్యా.”

“చలేస్తోంది. బీడీ ఉందా?”

“లేదండి. లేవండి.”

“ఆ చప్పుడేంటి, పడవ గెడ కదూ?”

“ముందు లేవండి మావయ్యా.”

“అడుగుతుంటే చెప్పవేంరా?”

“వదినండి.”

“ఒక్కతేనా?”

“ఏడెనిమిది మందున్నారు. మావయ్యా, వదినకేం చెప్తారు?”

“ఏం చెప్పమంటావు?”

“దొరకలేదనండి. దొరకలేదు కదా.”

“బాబాయ్, మా ఆయన దొరికాడా బాబాయ్?”

“దగ్గరికి రా సూరమ్మా, అందర్నీ రమ్మను. దొరికాడమ్మా. మోటారు కింద గోతిలో ఉన్నాడు. కాళ్ళకి వల సీసపు గుళ్ళు కట్టి ఉన్నాయి. ఆ ముడి ఈ చెరువు మీద పాల్‌కొక్కడికే నేర్పాను.”