కండ్లకు గుడ్డ కట్టిన ట్రైనింగ్

"పెద్దమ్మా, రేపు నాకు టీచర్ల ట్రైనింగ్ ఉంది. మొన్న నీకు ఏం నేర్పిన్రో జర చెప్పరాదు?"

ఏం చెప్పాలె బిడ్డా, ఏం నేర్పిన్రో నాకే సమజ్ కాలే. నవ్వకు! రిటైరైనంక గూడ, టీచర్లు లేరని సూపు లేని పిల్లల బడికి నన్ను మల్ల పిలిచిన్రు గదా, ట్రైనింగ్‌కు గూడ నువ్వే పో అన్నరు. ఆబిడ్స్‌ల. నాంపల్లి నుంచి ఎంత దూరం, నడిచే పోయిన. మీ పెదనాన్న స్టేషన్‌ల పార్సిల్ ఆఫీసుల ఉన్నప్పుడు గా తొవ్వ పొంటే రోజు టిఫిన్ డబ్బా పట్టుకొని... కాదు కాదు, డబ్బా మీ అమ్మ తీస్కపోయేది, నేను బడికి పోయేదాన్ని. గప్పుడు చారానకు చాయ్ దొరుకుతుండె. అక్కచెల్లెండ్లం ఒక్క కప్పు పంచుకొని తాగేది.

ఆఁ, ఏం చెప్తున్న? ట్రైనింగ్. మొదటి రోజు ఒక పిలగాడు వచ్చిండు. సారే అనుకో, గని నా కండ్లకు పిలగాడే. టీచర్లందరి కండ్లకు నల్లగుడ్డ కట్టి, చేతికి తెల్లకట్టె ఇచ్చి, గల్లీ చివరి దాంక నడువుండ్రి అన్నడు. నేను ఎన్నేండ్లు తిరిగిన గల్లీ అది! బిస్కెట్ల వాసన వచ్చింది, ఔ, ఇరానీ హోటల్ కాడికి వచ్చిన అనుకున్న. తీరా ఎవడో బండి మీద బిస్కెట్లు అమ్ముకునేటోడంట. ఎడమకు మర్లిన, గోడ తగిలింది. ఆటో ఒకటి చెవి పక్కకెళ్లే పోయింది. ఓ ప్రభువా! రోడ్డు మీదనే కూలబడ్డ. సుల్తాన్ బజార్‌ల ఏరి ఏరి కొన్న చీర, అంతా ఖరాబ్. సారు వచ్చి గుడ్డ ఇప్పి, "ఇప్పుడు సమజైందా అమ్మా పిల్లల కష్టం?" అన్నడు. సమజైంది నాయనా అని ఏడ్సిన గూడ.

గా ఏడుపుతోనే బడికొచ్చి సునందను పిలిచిన. మా బడిల పెద్ద పిల్ల, పుట్టినకాడికెళ్లి సూపు లేదు. ఆబిడ్స్‌ల కంప్యూటర్ క్లాసుల సీటొచ్చింది. తోడు పోయే ఆయమ్మ పని మానేసింది. కట్టె పట్టి నడుసుడు నేర్చుకున్న గదా మేడమ్, ఒక్కదాన్నే పోత అని ఒకటే పట్టు. సోమవారం రాకుంటే సీటు ఇంకొకలకు ఇస్తమని వాళ్లు గూడ చెప్పిన్రు. నేను వద్దంటే వద్దన్న. గదెంత భయమో నాకు ఇయ్యాల తెలిసింది, నిన్ను ఎట్ల పంపుత అన్న. పిల్ల మొకం తిప్పుకొని పోయింది. రాత్రికి హాస్టల్‌ల అన్నం గూడ తినలేదంట.

తెల్లారి అదే హాలు, అవే కుర్చీలు. ఈసారి ఒక మేడమ్ వచ్చింది, ఆమెకే సూపు లేదు. నేనే లేచి సునంద ముచ్చట చెప్పిన. మెచ్చుకుంటది అనుకున్న. ఏడ మెచ్చుకునుడు! "గుడ్డ కట్టుకున్నది మీరు, భయపడ్డది మీరు. నేర్వకుంట నడిస్తే ఎవలైనా పడ్తరు. ఆ పిల్ల నేర్చుకుంది గదమ్మా, ఎందుకు ఆపుతున్నరు?" అన్నది. అందరి ముందట! నా మొకం మాడిపోయింది. ఒక్కటే ట్రైనింగ్ బిడ్డా, నిన్న ఒకలు గట్ల, ఇయ్యాల ఒకలు గిట్ల. చాయ్ మాత్రం రెండు రోజులు ఒక్కలెక్కనే చప్పగుండె.

ఆదివారం చర్చిల మోకాళ్లేసిన. ట్రైనింగ్ మేడమ్ అడిగిందే మల్ల మల్ల యాదికొచ్చింది. సోమవారం పొద్దుగాల, సరే పో అన్న. అన్ననే గని మనసు నిలువలే, చప్పుడు చేయకుంట ఎనకెనక పోయిన. సునంద మలుపు కాడ ఆగి, ఎనకకు తిరుగకుంటనే, "మేడమ్, మీ చెప్పుల సప్పుడు నాకు ఎరుకే. మీరు పోండ్రి, ఎనక మీరుంటే నా ధ్యాసంతా మీ మీదనే ఉంటది" అన్నది. సిగ్గైంది నాకు. ఆడ్నే నిలవడ్డ. బస్సులు, ఆటోల నడుమ ఆ పిల్ల జడ కనపడ్డంత సేపు చూసిన, ఇగ కనపడలే.

మల్ల బడికొచ్చి గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్న. ఏం ఫికర్ బిడ్డా, ఆటో ఆగినప్పుడల్లా లేచి చూసిన. పొద్దుగూకంగ వచ్చింది, చెమటలు కారుకుంట. మోచెయ్యి గీరుకపోయింది. భయమైందా అని అడిగిన. "ఔ మేడమ్, మస్తు భయమైంది. లారీ హారన్ కొడ్తే ఏడుపొచ్చింది" అన్నది. చూసినవా, నేనే కరెక్టు అనుకొని, ఇగ పోకు తియ్యి అన్న. "రేపు గూడ పోత మేడమ్" అన్నది. నీళ్లు తాగి లోపటికి పోయింది.

గదే నాకు సమజ్ కానిది. గంత భయమైతే మల్ల ఎందుకు పోతనంటది? నేను ఒక్క గల్లీకే కూలబడ్డ, ఇప్పటికీ గా దిక్కు పోవాల్నంటే గుబులైతది. ఎవలు కరెక్టు మరి, గా సారా, గీ మేడమా? నువ్వు రేపు పోతున్నవ్ గదా, జర అడిగి... ఏమో, వాళ్లు గూడ ఇంకేం చెప్తరో. పైలం బిడ్డా, నీ కండ్లకు గూడ గుడ్డ కడ్తరు. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె, నీ బడి పిల్లలను గూడ. నేనైతే సునంద వచ్చేదాంక రోజు గేటు కాడ కూసుంటున్న. పోకు అని మాత్రం అంటలే...