ఇంకా ఈకలు రాలేదు

బచ్చన్నపేట దాపున సోమనర్సయ్య ఇల్లు. వంటింట్లో అతనూ, కూతురు సరోజనా. ఆమెను తీసుకుపోవడానికి ఎడ్లబండి కట్టుకొచ్చిన అల్లుడు మల్లేశం, ఇద్దరు పెద్దమనుషులతో వాకిట్లో కూర్చున్నాడు.

“మెల్లగ మాట్లాడు బాపు. వాకిట్లకు ఇనబడ్తది.”

“ఇనబడనీ. ఏమని చెప్పాలె? పోయినసారి కోడిపిల్లలు పసియి, సాదేటందుకు నువ్వుండాలె అన్నం. ఇప్పుడేమందాం?”

“ఇప్పుడు గూడ గంతే. ఇంకా ఈకలు రాలేదను.”

“వాళ్లకు కండ్లు లేవా? రెక్కలొచ్చి దొడ్డంత ఉరుకుతున్నయి.”

“అందుకే గంప కింద మూసిన. తల్లి లేని పిల్లలు, కందీలు దీపం ఆరితె సలికి సస్తయని చెప్పు.”

“పట్టపగలు కందీలా? నవ్వుతరు.”

“నవ్వనీ. నవ్వుకుంట పోతరు.”

“పోరు బిడ్డా. మంచినీళ్లిస్తె గూడ ముట్టలే. మాట తేలినంకనే తాగుతరట.”

“ఆయన?”

“ఆయన తాగిండు. మామా, పాణం బాగున్నదా అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.”

“ఆయన ఎప్పుడు గట్లనే నవ్వుతడు. అట్లకాడ కాల్చి వాత పెట్టేటప్పుడు గూడ.”

“ఏది, చెయ్యి సూపియ్యి.”

“వచ్చిన నాడే సూసినవు గద.”

“మానిందా అని.”

“మానింది. మచ్చ పోలే. పెద్దమనుషులకు సూపియ్యాల్నా?”

“వద్దు. పక్కింటి కట్టయ్య బిడ్డ వీపు మీది వాతలు సూపిస్తె ఏమన్నరు? సర్దుకపో అన్నరు. వీళ్లే.”

“తెలంగాణ గొడవలకు బడి బందైందని నాకు పెండ్లి చేస్తివి. బడేమో మళ్ల తెరిసిండ్రు.”

“ఇప్పుడదెందుకు?”

“ఊకనే అన్న. నువ్వు పో, చెప్పు.”

“పాడు పిల్లి ఆ తల్లికోడిని తినకపోతే పోయినసారే పోదువు.”

“పిల్లి తినలే బాపు.”

“తిన్నది. దొడ్లె ఈకలు నేను సూడలేదా?”

“పోయినసారి ఆయన వచ్చిన నాడు నువ్వు కోసింది ఆ కోడినే. కాల్చి తెచ్చి నా చేతిల పెట్టినవ్. కడుగుతుంటె తెలిసింది. పొదిగి పొదిగి రొమ్మున కండ లేదు దానికి.”

“ఇంటినిండ కోళ్లుండంగ పిల్లల తల్లిని ఎవడన్న కోస్తడా?”

“కోయడు. నువ్వు కోసినవ్. బిడ్డను పంపనని అల్లుని మొఖం మీద అనలేక కోసినవ్.”

“తెలిసి గూడ అడగకపోతివి.”

“అడిగితె నువ్వు కాదంటవు. ఎందుకు? కారం జర ఎక్కువేసి వండిన. ఆయనకు తెల్వలే.”

“నీ అవ్వ ఉంటె నన్ను తిట్టేది. పిల్లల తల్లి అది.”

“అవ్వ ఉంటె తనే కోసేది. బాపు, ఇంకో కోడిని పొదగేద్దాం.”

“పొదగేస్తె? పిల్లలకు తల్లి ఉంటది. నువ్వెందుకు ఉంటవు?”

“దాన్ని గూడ కోస్తవు గద.”

“సరోజనా.”

“కోస్తవా, కొయ్యవా?”

“కోస్త.”

“మరి పో. ఇంకా ఈకలు రాలేదని గట్టిగ చెప్పు.”

“ఆగు. ఎవలో పిలుస్తున్నరు. ఏందయ్యా మల్లేశం?”

“ఏం లేదు మామా. కోడిపిల్లల మీద మనసుపెట్టి సరోజన పరేషాన్ అయితదని, గంపకు తువ్వాల కట్టి బండిల పెట్టిన. మా ఇంట్లనే సాదుకుంటది.”