కొవ్వు పోయింది, కండ వచ్చింది

"అమ్మమ్మా, అంత లావుండేదానివి, ఎట్టా తగ్గావు?" అంటన్నావా. చెప్తా, కూకో. ఆ ఫోనులో రికార్డు చేసుకుంటే చేసుకో, మాట్లాడతా.

మీ అమ్మ పెళ్ళయ్యాక నేను చేలోకి పోవటం మానేశా గదా. వంట, టీవీ, మజ్జాన నిద్ర. మూడు పూటలా అన్నమే. ఒళ్ళు పెరిగింది. ఒకసారి గురజాలలో, కాదు కాదు, సత్తెనపల్లిలో, మా చెల్లెలి ఇంట్లో భోజనాల బంతిలో కింద కూకున్నా. అందరూ తిని లెగిశారు. నేను లెగవలేకపోయా. ఇద్దరు ఆడోళ్ళు చెరో చెయ్యీ పట్టి లాగారు. ఎవరూ నవ్వలా. అందుకే ఇంకా సిగ్గేసింది.

ఇంటికొచ్చి తిండి మానేశా. పొద్దున టీ, రాత్రికి మజ్జిగ. తగ్గా, చానా తగ్గా. చూసినోళ్ళంతా బాగున్నావన్నారు. నాకేమో నీళ్ళ బిందె పైకి రాలా. ఆఖరికి దొడ్లో బట్టలారేస్తా కళ్ళు తిరిగి పడ్డా. మీ తాతయ్య నరసరావుపేట తీసకపోయాడు.

డాక్టరమ్మ నా చెయ్యి నొక్కి చూసింది. "పెద్దమ్మా, కొవ్వుతో పాటు కండ కూడా కరిగించుకున్నావు. ఇట్లాగే పోతే రేపు మంచం దిగలేవు. అన్నం కొంచెం తగ్గించు, పప్పూ గుడ్లూ పెంచు. బరువులెత్తు" అంది.

"ఈ వయసులో బరువులేందమ్మా?"

"ఈ వయసులోనే" అంది.

మీ తాతయ్య సంగతి తెలుసు గదా, పొయ్యి దగ్గరికి ఎన్నడూ రాడు. అట్టాంటోడు మర్నాడు పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టాడు. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడింది. పెంకు సగం ఊడదీసి నా ముందు పెట్టి, "తిను" అన్నాడు, అంతే. మా అమ్మ కోళ్ళు పెంచేది గానీ గుడ్లన్నీ సంతకే పోయేయి, మా నోట్లో పడింది తక్కువ. సరే, అదట్టా ఉంచు.

ఇక డాక్టరమ్మ చెప్పిన కసరత్తు మొదలెట్టా. ముందు కుర్చీలోంచి చేతులు ఆనకుండా లెగవటం, కూకోటం. మొదట్లో తొడలు వణికేయి. తర్వాత రెండు చిన్న బకెట్లలో నీళ్ళు పోసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. పక్కింటి కోటమ్మ గోడ మీంచి చూసి, "ఏందొదినా, మోసిన నీళ్ళు మళ్ళా అక్కడే పెడతన్నావు?" అంది. నవ్వి, బకెట్లు ఎత్తుకుని ఇంకోసారి తిరిగా.

నిదానంగా నడుం సన్నబడింది. వదులైపోయిన జాకెట్టు చేతులు మళ్ళా బిగువయ్యాయి. ఈసారి కొవ్వు కాదు.

పోయినేడు కళ్లంలో మిరపకాయలు ఎత్తేటప్పుడు మబ్బు పట్టింది. కూలోళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. బస్తాకి అటు మీ తాతయ్య, ఇటు నేను. షెడ్డులోకి మోస్తా ఉంటే దోవలో ఆయనే ఆయాసపడి, "ఏమే, కాస్త ఆగు" అన్నాడు. పెళ్ళైనకాడి నుంచీ ఎప్పుడూ ఆయన ముందు, నేను వెనక. నన్ను ఆగమనటం అదే మొదలు. ఆగా. ఆయన ఊపిరి కుదుటపడిందాకా ఆగా. చినుకు పడేలోపు అన్నీ లోపలేశాం.

నువ్వు కూడా చల్లగా ఉండాల తల్లీ. సన్నగా ఉండమని కాదు, సత్తువతో ఉండాల. నా వయసు వచ్చినా నీ కాళ్ళ మీద నువ్వు లెగవాల. ఆఁ, అంతే, అట్టా ఉండాల.