తడికాయ తూకం పట్టిన అనీసా గారు

అక్టోబరు ముప్పై ఒకటవ తేదీ నాటి పదవీ విరమణ వీడ్కోలు సభలో వేదికపై ముందుగా మన వైద్యశాల పర్యవేక్షకులు డాక్టర్ రామదాసు గారు, వారి ప్రక్కన హృద్రోగ వైద్యులు డాక్టర్ మల్లికార్జున గారు, పిదప అభినందితురాలు శ్రీమతి అనీసా గారు, కొసకుర్చీలో పామిడి వాస్తవ్యులు శ్రీ వీరప్ప గారు ఆసీనులైనారు. ఆహ్వాన పత్రికలో నాల్గవ పేరు లేదు. ఆ కుర్చీని అనీసా గారే వేయించినారు.

1988 ఆగస్టు పన్నెండవ తేదీన విడపనకల్లులో నర్సుగా ఉద్యోగ ప్రవేశం చేసిన అనీసా గారు, అనంతరం రాప్తాడులో పనిచేసి, 2003లో మన వైద్యశాలకు బదిలీపై వచ్చినారు. బరువు చూడనిదే ఏ రోగినీ వారు వైద్యుని గదిలోనికి పంపలేదు. ప్రతి ఉదయం పది కిలోల తూకపురాయి పెట్టి సరిచూడనిదే కాటానూ నమ్మలేదు. సిబ్బంది చాటున ‘కాటా మేడం’ అనుకొనుట వారికి తెలియును, ఎన్నడూ కాదనలేదు.

వీరప్ప గారు నలభై ఏండ్లు వేరుశనగ మూటలు తూచినవారు. గుండె లయ తప్పి, రక్తం పలుచబరిచే మాత్రలు కడుపులో రక్తస్రావం కలిగించగా, గుండె ఎడమ పైగదిలో రక్తపు గడ్డలు కట్టే చిన్న సంచిని బెంగళూరులో పరికరంతో మూయించుకొని వచ్చినారు. నిరుడు రెండవ పరీక్షకు వచ్చిననాడు ఆయన సతీమణి లక్ష్మక్క ముఖం వెలిగిపోతూ ఉండెను.

“చూడు మేడమ్మా, మా ఆయప్ప ఎంత ఒళ్ళు చేసినాడో.”

స్కానులో పరికరం కదలలేదని చూచిన డాక్టర్ మల్లికార్జున గారు కూడా సంతోషించి, మూడు నెలలకు రమ్మని చీటీపై సంతకం చేసినారు. గుమ్మం వద్ద అనీసా గారు ఆ చీటీ అందుకొని, మొదటి పరీక్షనాటి తూకంతో పోల్చి, తిరిగి ఇవ్వలేదు.

“తొమ్మిది దినాల్లో నాలుగు కిలోలు యాడనుంచి వచ్చెనన్నా?”

“మా ఆడమనిషి సంగటి మహిమ. నీకేమన్నా కుళ్ళా మేడమ్మా?”

“పండుకునేటప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటాండావు?”

“మూడు. వెల్లకిలా పండుకుంటే ఆయాసం. మూత కుదురుకునేదంకా ఇంతేలే అనుకుంటి.”

“మూట తూకం పెరిగితే కాయ పెరిగినట్లేనా? తడి కాయ నువ్వు చూడలేదా?”

వీరప్ప గారి నవ్వు ఆగిపోయినది. వంగి, బొటనవ్రేలితో ముంగాలు నొక్కుకొన్నారు. పడిన గుంట పూడలేదు.

“తడే మేడమ్మా,” అన్నారు.

డాక్టర్ గారు బయటికి వచ్చి, “అనీసా గారూ, చికిత్స సఫలమైంది కదా,” అన్నారు.

“మూత కుదిరింది సార్, ఒప్పుకుంటా. గుండె కుదరలేదు. ఈయప్పను నేను పంపను.”

ఆ పూటే పరీక్షించగా గుండె వైఫల్యం ఆరంభమైనట్లు తేలినది. ఉప్పునూ నీటినీ దేహం నుండి వెడలించుటకు తోడ్పడే స్రావం ఆ చిన్న సంచి నుండి కూడా వెలువడుతుంది. దానిని మూసిన పిదప కొందరిలో నీరు చేరవచ్చునని వైద్యలోకం గమనిస్తున్నది, మూతయే కారణమా అన్నది ఇంకా తేలవలసియున్నది. నీటిని వెడలించే మందులతో ఆరు రోజులలో వీరప్ప గారు అయిదు కిలోలు తగ్గి, ఒక్క దిండుతో నిద్రించినారు. ‘ఒళ్ళు చేసినాడు’ అన్న మాట విన్నంతనే కాళ్ళు నొక్కి చూడవలెనని నాటినుండి మన విభాగంలో నియమం. ఆ ఉత్తర్వు వ్రాసినవారు డాక్టర్ మల్లికార్జున గారే.

శ్రీమతి అనీసా గారు ఇంతే నిటారుగా, ఇంతే పట్టుదలతో, కుటుంబసభ్యుల నడుమ నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా జీవించవలెనని ఆకాంక్షిస్తూ, వైద్యుని సంతకమైన పిదప కూడా ఒక రోగిని గుమ్మం దాటనీయక, ఆయనను ఈ సభలో కొసకుర్చీ వరకు నడిపించుకొని వచ్చినవారు వారేనని ఈ సంచికలో సగౌరవంగా నమోదు చేయడమైనది.